అడవి కన్న కొలను

హృషీకేశము దాటి గంగ వెంబడి ఎగువకు పోవుచు, దేవప్రయాగలో భాగీరథిని విడిచి అలకనందను, రుద్రప్రయాగలో అలకనందను విడిచి మందాకినిని పట్టుకొని కేదారనాథునికై సాగిపోవు యాత్రికులలో మన తెలుగువారు ఏటేట వేలకొలదిగా ఉందురు. అగస్త్యముని అను ఊరు దాటిన పిమ్మట కుండ్ అను చోట బాట రెండుగా చీలును. ఎడమవైపు బాట వంతెన దాటి గుప్తకాశి మీదుగా కేదారమునకు పోవును; కుడివైపు బాట మందాకినికి తూర్పుదరినున్న కొండనెక్కి ఊఖీమఠమునకు చేరును. గడువు ముంచుకొని వచ్చు యాత్రికసంఘముల బస్సులన్నియు ఎడమవైపునకే మరలును. కుడివైపునకు మరలు కొద్దిమందియు చోప్తా మీదుగా బదరీనాథమునకు అది దగ్గరి దారియని పోవువారే కాని, నడుమ ఆగువారు అరుదు. ఆ బాటలో ఊఖీమఠమునకు పండ్రెండు పదమూడు కిలోమీటర్ల దూరమున సారి అను పల్లె ఉన్నది. పల్లెకు పైన రెండున్నర మూడు కిలోమీటర్ల కాలిబాట ఎక్కినచో, సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల ఎత్తున, చుట్టును అడవి క్రమ్ముకొన్న దేవరియా తాల్ అను చిన్న సరస్సు కనబడును.

ఈ సరస్సు పేరు విన్నవారికి మొదట స్ఫురించునది దాని నీట ప్రతిఫలించు చౌఖంబా శిఖరము. గోడపంచాంగముల మీదను, పర్యాటక శాఖవారి పత్రములలోను ఆ దృశ్యమును మనము చూచియే ఉందుము: పైన ఒక తెల్లని కొండ, క్రింద తలక్రిందులుగా అదియే కొండ, రెంటి నడుమ నల్లని గీతవలె ఒక చెట్లవరుస. ఆ దృశ్యము నిజముగనే అపురూపమైనది. దానిని తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. కాని కొండను చూడవచ్చినవారిలో పెక్కుమంది ఆ నల్లని గీతను చూడకయే మరలిపోవుచున్నారు. చౌఖంబా అక్కడికి ముప్పది కిలోమీటర్ల దూరమున, తన మంచులో తానున్నది. ఈ నీటిని ఇచ్చట నిలిపినది ఆ చెట్లవరుసయే. దేవరియా తాల్‌ను గూర్చి నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క విషయమునకే చెందినది.

సరస్సునకు పోవు ముందు ఊఖీమఠమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. దీపావళి గడచి కేదారనాథాలయము శీతకాలమునకు మూతపడగానే, స్వామి ఉత్సవమూర్తిని పల్లకిలో ఈ ఊరికి తెచ్చి, ఓంకారేశ్వరాలయమున ఉంచి ఆరుమాసములు అచ్చటనే పూజింతురు. మధ్యమహేశ్వరునికిని శీతకాలపు నెలవు ఇదియే. బాణాసురుని కూతురైన ఉష అనిరుద్ధుని పెండ్లాడినది ఇచ్చటనేయని స్థానికుల నమ్మకము. ఇవన్నియు అట్లుండగా మనవారికి ఇచ్చట ఒక దగ్గరి చుట్టరికము కలదు: వీరశైవుల పంచపీఠములలో ఒకటియైన కేదారపీఠము ఈ ఊఖీమఠముననే ఉన్నది, ఆ అయిదింటిలో మరియొకటి మన శ్రీశైలము. కేదారనాథుని రావల్ అను ప్రధానార్చక పదవి కూడ తరతరములుగా కన్నడదేశపు వీరశైవులదే. కృష్ణాతీరపు మల్లికార్జునుని సన్నిధినుండి మందాకినీతీరమునకు ఈ మతబంధము ఎన్నడో వేసిన బాట ఇంకను చెరగలేదు.

సారి పలుచని పల్లె. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి చేసిన పొలములలో గోధుమ, రాగి, తోటకూర గింజల పైరులు ఋతువును బట్టి మారుచుండును. పాత ఇండ్లకు పలకరాళ్ళ కప్పులు, క్రొత్త ఇండ్లకు సిమెంటు కప్పులు. పల్లె దాటగానే రాళ్ళు పరచిన బాట ఎక్కుట మొదలిడును. కొంత దూరము పోవుసరికి ఓంకార రత్నేశ్వరుని పురాతనమైన చిన్న గుడి ఎదురగును. అచ్చటినుండి వెనుకకు తిరిగి చూచినచో సారి ఇండ్లు, వాని వెనుక తుంగనాథ చంద్రశిలల దిక్కునకు ఎగబ్రాకిన కొండలు ఒక్క చూపులో కనబడును. నడక అలవాటైనవారికి ఈ ఎక్కుడు గంటన్నర పని. లేనివారు రెండు గంటలకు పైగా తీసికొన్నను తప్పేమియు లేదు. నెమ్మదిగా ఎక్కువారికి కలుగు లాభము ఒకటున్నది: వారు చెట్లను చూడగలుగుదురు.

దూరమునుండి చూచువారికి ఆ అడవి అంతయు ఒక్క ముద్దగా, ఒక్క పచ్చదనముగా కనబడును. కాని అందు సింధూరజాతి వృక్షములే మూడు విధములవి కలవు. గఢ్వాలీలు వానిని బాంజ్, మోరూ, ఖర్సూ అని పిలుతురు. వీనిని గుర్తించుటకు వృక్షశాస్త్రము చదువనక్కరలేదు. ఒక ఆకును త్రిప్పి చూచిన చాలును. బాంజ్ ఆకు పైన ముదురుపచ్చగా, బిరుసుగా, అంచున సన్నని రంపపు పండ్లతో ఉండును. త్రిప్పినచో అడుగున తెల్లని నూగు దట్టముగా అంటియుండును. మోరూ ఆకు రెండు ప్రక్కలను నున్నగా, పచ్చగానే ఉండును. ఖర్సూ ఆకు అడుగున త్రుప్పు వన్నె నూగు కనబడును. ఎత్తు పెరుగుకొలది బాంజ్ తగ్గి మోరూ, అటుపై ఖర్సూ హెచ్చగును. అందుచే సారినుండి సరస్సునకు, సరస్సునుండి చోప్తా దిక్కునకు నడచువాడు ఆకులను త్రిప్పి చూచుకొనుచు పోయినచో, తానెంత ఎత్తు ఎక్కినది ఏ సాధనమును లేకయే తెలిసికొనగలడు. గాలి విసరినప్పుడు బాంజ్ చెట్ల ఆకుల అడుగులు పైకి తేలి, అప్పటివరకు నల్లగానున్న కొమ్మలు ఒక్కసారిగా వెండివన్నె తిరుగును. గాలి ఆగగానే మరల యథాప్రకారము నల్లబడును.

ఈ సింధూరముల నడుమ బురాంశ్ చెట్లు కలసి పెరుగును. ఎఱ్ఱబారిన బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడుచుండు, వంకరలు తిరిగిన మానులు గల ఈ వృక్షము ఫాల్గుణ చైత్రములందు నెత్తురువన్నె పూగుత్తులను తాల్చి కొండవాలునంతయు మార్చివేయును. ఉత్తరాఖండ్ రాష్ట్రవృక్షము ఇదియే. రాలిన పూలరేకులను ఏరి, ఉడికించి, చక్కెర కలిపి చేసిన పానకమును సారిలోను ఊఖీమఠములోను వచ్చినవారికి ఇత్తురు. పుల్లని తీపి గల ఆ పానీయము ఎక్కుడు బడలికను ఇట్టె తీర్చును. చెట్ల మానులమీద నాచును, నాచులోనుండి ఫెర్నులును, కొమ్మలనుండి బూడిదవన్నె లైకెన్లును వ్రేలాడుచుండును. మానుల మీద ఇంత పచ్చదనము పట్టుటకు ఎండాకాలమునను గాలిలో తేమ ఆరకుండవలెను.

బాట చివర చెట్లు ఎడమై ఒక పచ్చికబయలు, ఆ బయలు నడుమ సరస్సు కనబడును. మొదటిసారి చూచువారికి అది ఊహించినదానికన్న చిన్నదిగా తోచును. తీరికగా నడచినను కొద్ది నిమిషములలో దానిని చుట్టి రావచ్చును. అది లోయలో లేదు, కొండ వెన్నుమీది ఒక పల్లములో ఉన్నది. అందుచే పైనుండి దుమికివచ్చు పెద్ద ఏరేదియు అందులో పడదు. వాననీరు, మంచుకరగిన నీరు, చుట్టునున్న నేలనుండి ఊరు ఊట, ఇవియే దాని ఆధారములు. గట్టున గడ్డి, గడ్డి వెనుక పొదలు, పొదల వెనుక అడవి. ఉత్తరపు దిక్కున చెట్లవరుసకు పైగా హిమశిఖరముల శ్రేణి నిలిచియుండును. కేదారశిఖరము (6,940 మీటర్లు) మొదలుగా గల ఆ శ్రేణిలో నాలుగు స్తంభములను మోసినట్లు విశాలముగా కనబడునదియే చౌఖంబా. దాని ప్రధానశిఖరము ఎత్తు 7,138 మీటర్లు. గంగోత్రి హిమానీనదము తలాపిన ఉన్న ఈ శిఖరమును మానవుడు మొదటిసారి అధిరోహించినది 1952 జూన్‌లో. ఎక్కినది ఫ్రెంచి దేశమునుండి వచ్చిన పర్వతారోహక బృందము.

ఇంత చిన్న కొలనిలో అంత పెద్ద కొండ ఎట్లు ఇమిడినదని ఆశ్చర్యపడనివారు లేరు. ఇందులో కంటిని మోసగించునది ఏమియు లేదు. చిన్న లెక్క మాత్రమే ఉన్నది. చౌఖంబా ఇచ్చటికి సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమునను, సరస్సుకన్న ఇంచుమించు 4,700 మీటర్ల ఎత్తునను ఉన్నది. కావున దాని శిఖరాగ్రమునుండి వచ్చు వెలుగు నీటితలముతో తొమ్మిది డిగ్రీల కోణము మాత్రమే చేయుచు, బాగుగా ఏటవాలుగా వచ్చి పడును. నీటి అంచున నిలిచినవాని కన్ను నీటికి అయిదడుగుల ఎత్తున ఉన్నదనుకొన్నచో, ఆ వెలుగు నీటిని తాకి అతని కంటికి మరలి వచ్చు చోటు అతనికి సుమారు ముప్పది అడుగుల దూరమున ఉండును. అనగా కొండ కొనను చూపుటకు సరస్సంతయు అక్కరలేదు. మన పాదములకు ముప్పది అడుగుల ఆవలనున్న నీటిభాగమే చాలును. ఆ పైన ఇంకొక విశేషము: నీటిపై నిలువుగా పడు వెలుగులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే మరలి వచ్చును, తక్కినది లోనికి దిగిపోవును, ఇంత ఏటవాలుగా పడు వెలుగులోనో, మూడవవంతుకు మించి మరలి వచ్చును. నడినెత్తిననున్న మేఘముకన్న దూరపుకొండ స్పష్టముగా కనబడుటకు కారణమిదియే.

అయినను ఆ ముప్పది అడుగుల నీరు కదలక నిలువవలెను. అది నిలుచునది తెల్లవారుజామున మాత్రమే. రాత్రియంతయు చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలులనుండి లోయలలోనికి జారి, సూర్యోదయవేళకు సద్దుమణగియుండును. ఎత్తైన శిఖరములకు ఎండ ముందు తాకును. సరస్సు ఇంకను నీడలోనే ఉండును. నీడలోని నీరు, నల్లని అడవి, వెలుగులోని మంచు, ఈ మూడును కలసిన ఆ కొద్దిసేపే ప్రతిబింబము అత్యంత నిర్మలముగా ఉండును. ఎండ క్రిందికి దిగి వాలులను వేడిచేయగానే లోయగాలి పైకి ఎగబ్రాకుట మొదలిడును. తొలుత నీటి అంచున సన్నని ముడుతలు పుట్టి, చూచుచుండగనే కొండ ముక్కలై, పిదప చెదరిపోవును. ఆ గాలియే తనతో తేమను మోసికొనిపోయి మధ్యాహ్నమునకు శిఖరములకు మబ్బుముసుగు వేయును. పగలు సారిలో దిగి, ఎక్కి, సాయంకాలమునకు మరలిపోవువారికి కొండయు దక్కదు, నీడయు దక్కదు. వచ్చినవారు ఒక రాత్రి నిలువవలెను, తెల్లవారకముందే లేవవలెను.

ఇచ్చటివారు ఈ కొలనిని దేవతలు జలకమాడు చోటుగా చెప్పుకొందురు. యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడిగిన కొలను ఇదియేయని కూడ చెప్పుదురు. ఈ గౌరవమును కోరు కొలను ఇది ఒక్కటియే కాదు. నేడు పాకిస్తానులో చేరిన పంజాబునందలి కటాస్‌రాజ్ సరస్సునకును ఇట్టి ప్రసిద్ధియే కలదు. భారతము ఆ కొలను ద్వైతవనమున ఉన్నదని చెప్పుచున్నది. ద్వైతవనమును సరస్వతీ నదీతీరమునకు చేరువగా గుర్తించు పండితులు కలరు. ఇందులో ఏది నిజమని నిర్ణయించుట నాకు ప్రధానము కాదు. ఒక కథ ఏ నేలమీద నాటుకొన్నదో ఆ నేలమీది జనులు దానినుండి ఏమి గ్రహించిరన్నదే చూడవలసిన విషయము.

తెలుగువారికి ఈ కథ ఎఱ్ఱన చేతిమీదుగా వచ్చినది. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పదునాలుగవ శతాబ్దమున పూరించిన ఆ శంభుదాసుడు అద్దంకి ప్రోలయవేమారెడ్డి ఆస్థానమున ఉండినవాడు. అరణిని కొమ్ములకు తగిలించుకొని పారిపోయిన మృగమును వెన్నాడి, అలసి, దప్పిగొన్న పాండవులలో నకులుడు మొదలుగా నలుగురు తమ్ములు ఒకరి వెనుక ఒకరు కొలనికి పోయి, అదృశ్యమైన ఒక కంఠము వారించుచున్నను వినక నీరు త్రాగి పడిపోయిరి. ధర్మరాజు ఒక్కడే ఆ మాటకు ఆగెను. ఈ కథలో ప్రశ్నలకును సమాధానములకును మనము ఎక్కువ విలువనిచ్చి, ఆగుటకు ఇయ్యవలసిన విలువను ఇయ్యలేదని నాకు తోచుచుండును. యక్షుడు నీరు లేదనలేదు, ఇయ్యననలేదు. ఈ నీటికి ఒక కాపరి ఉన్నాడు, అతని మాట విని పిదప త్రాగుమని మాత్రమే అన్నాడు. తమ్ముల దాహము న్యాయమైనదే; ఆగకపోవుటయే వారి తప్పు. ఇంకను చెప్పవలెనన్న, నలుగురిలో ఒకరిని మాత్రమే బ్రదికింతునన్నప్పుడు ధర్మరాజు, యుద్ధమున తనకు ఆధారమైన భీమార్జునులను కోరక, మాద్రికిని ఒక కొడుకు మిగులవలెనని నకులుని కోరెను. ఎదుట లేని మరియొక తల్లిని తలచుకొనగలిగిన ఆ మనస్సునకే కొలను వశమైనది.

ఇక ఈ కొలను కాపరి ఎవరో చూతము. ఈ ప్రాంతమున సంవత్సరమునందలి వానలో అధికభాగము ఆషాఢమునుండి భాద్రపదమువరకు కుంభవృష్టిగా కురియును. ఉత్త రాతివాలుమీద పడిన వాన గంటలలో మందాకినిని చేరి, పిదప తొమ్మిదిమాసములు కొండకు ఏమియు మిగులదు. బాంజ్ అడవిలో పడిన వాన కథ వేరు. మొదట ఆకులమీద పడి వేగము చచ్చి, మానులమీది నాచులో కొంత ఇంకి, క్రింద ఏండ్లతరబడి రాలి చివికిన ఆకుల పొరమీదికి దిగును. ఆ పొరలో చేయి పెట్టి చూచినచో పైన ఎండుటాకులు గలగలలాడుచున్నను, జానెడు లోతున నల్లని మెత్తని మన్ను వేసవిలో కూడ చల్లగా, తడిగా చేతికి అంటును; ఎండకాలమున మన ఇండ్లలో కడవకు చుట్టిన తడిగుడ్డ ఎట్టిదో, కొండకు ఆ పొర అట్టిది. దాని క్రింద వేళ్ళు రాతి నెరియలలోనికి చొచ్చుకొనిపోయి నీటికి దారులు తెరచి ఉంచును. అట్లు ఇంకిన నీరు మాసములకొలది మెల్లమెల్లగా జారి, కొన్నిచోట్ల ధారయై పల్లెల నడుమ వెలువడును. బాంజ్ వేళ్ళ నీరు చల్లనిదని, తీయనిదని గఢ్వాలీ స్త్రీల పాటలలో పదేపదే వినబడుటకు కారణము వారు దినదినమును ఆ నీటిని మోయుచుండుటయే.

నీరే కాదు. పశువులకు పచ్చిమేత, వాని క్రింద పరచుటకు ఎండుటాకు, ఆ ఆకు పేడతో కలసి పొలమునకు ఎరువు, నాగలికి కొయ్య, పొయ్యికి పుడకలు, అన్నియు ఈ చెట్లనుండియే. తెల్లవారుసరికి కొడవలియు త్రాడును తీసికొని కొండనెక్కు స్త్రీలను ఘసియారీలందురు. తమ ఎత్తుకు మించిన మోపును వీపున వేసికొని, రాళ్ళబాటమీద మన బోటివారు చేతికఱ్ఱ ఊతముతో దిగుచోట, వారు మాటలాడుకొనుచు దిగిపోవుదురు. సరస్సునకు పోవు బాటలో మనకు ఎదురగు మనుష్యులలో ఈ అడవిని ఎరిగినవారు వీరే. కొమ్మలను మితిమీరి నరికినచో చెట్టు గిడసబారునని, నరకకున్నచో ఇంట పశువు పస్తుండునని ఎరిగి, ఆ రెంటి నడుమ వారు నడుపుచున్న సంసారమే ఈ అడవి.

ఎగువన బాంజ్ రాజ్యమైనచో, దిగువన చీడ్ అను పైన్‌జాతి చెట్టుది పైచేయి. కొయ్యకొరకును జిగురుకొరకును ఆంగ్లప్రభుత్వపు అటవీశాఖవారు చీడ్‌ను ఆదరించిరి. బాంజ్ వారికి పెద్దగా అమ్ముడుపోవు సరకు కాదు. చీడ్ సూదులు నేలను కప్పినచో తక్కిన మొక్కలు మొలచుట కష్టము. వేసవిలో ఆ సూదులు ఎండి, నిప్పురవ్వ పడినంతనే కొండకొండంతయు అంటుకొనును. ముదిరిన చీడ్ ఆ మంటను ఓర్చుకొనగలదు, లేత బాంజ్ ఓర్చుకొనజాలదు. 2016 వేసవిలోను 2024 వేసవిలోను ఉత్తరాఖండ్ అడవులు తగులబడుట మన పత్రికలలోను చదివితిమి. ఒక్కొక్క మంట వెనుకను చీడ్ ఒక మెట్టు పైకి ఎక్కును. బాంజ్ ఒక మెట్టు వెనుకకు తగ్గును.

ఈ కొండప్రజలు తమ చెట్లకై నిలిచిన చరిత్ర జగద్విదితమే కాని, ఆ చరిత్ర మొదలైనది ఈ సరస్సు పరిసరములలోనేయని తెలిసినవారు తక్కువ. చోప్తా దాటి గోపేశ్వరమునకు దిగు బాటలో మండల్ అను గ్రామమున్నది. వ్యవసాయపు పనిముట్లకై అంగూ చెట్లను ఇమ్మని చండీప్రసాద్ భట్ మొదలైనవారి దశోలీ గ్రామ స్వరాజ్య సంఘము కోరగా కాదన్న అటవీశాఖ, ఆ చెట్లనే ఆటవస్తువులు చేయు ఒక సంస్థకు కేటాయించినది. 1973 ఏప్రిల్‌లో మండల్ గ్రామస్థులు డప్పులు కొట్టుకొనుచు అడవికి కదలగా గుత్తదారు మనుష్యులు చెట్టు కొట్టకయే వెనుదిరిగిరి. పిమ్మట ఆ సంస్థకు మందాకినీలోయలో గుప్తకాశికి ఎగువనున్న ఫాటా రామపురముల అడవిలో చెట్లు చూపిరి. అచ్చటి గ్రామస్థులును అదే సంవత్సరము అడ్డుపడి నిలిపివేసిరి. 1974 మార్చి 26వ తేదీన రేణీ గ్రామమున గౌరాదేవి నాయకత్వమున స్త్రీలు చెట్లకు అడ్డము నిలిచినప్పుడు చిప్కో అను ఈ ఉద్యమపు పేరు దేశమంతట మారుమ్రోగినది. ఒకప్రక్క మండల్, ఒకప్రక్క ఫాటా. నడుమ సారి, దేవరియా తాల్. కేదారమునకు పోవు మన బస్సులు ఫాటాను దాటియే పోవును.

ఇట్లు నిలిచిన అడవికి నేడు వేరొక భారము వచ్చి పడినది. ఛాయాచిత్రముల మూలమున పేరు మ్రోగినకొలది సరస్సునకు వచ్చువారు పెరిగిరి. సెలవుదినములలో పచ్చికబయలంతయు గుడారములు వెలసి, రాత్రివేళ పాటలయంత్రములు మ్రోగి, చలిమంటలకు అడవికొయ్య తగులబడిన కాలము ఉండినది. బాంజ్ మెల్లగా పెరుగు చెట్టు. ఒక రాత్రి వినోదమునకు కాలిన దుంగ వెనుక ఎన్నో సంవత్సరముల ఎదుగుదల ఉన్నది. 2018లో ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానము బుగ్యాల్‌లనబడు ఎత్తుమీది పచ్చికబయళ్ళలో రాత్రిబసను నిషేధించినది. దేవరియా తాల్‌లోను ఇప్పుడు గట్టుమీద గుడారములు వేయనీయక, కొంత ఎడముగా మాత్రమే వేయనిచ్చుచున్నారు. అటవీశాఖవారు ప్రవేశరుసుము తీసికొనుచున్నారు. ఈ కట్టుబాటు మంచిదని నా దృఢాభిప్రాయము. పచ్చికబయలు త్రొక్కిడికి గట్టిపడినచో వాననీరు ఇంకదు. ఇంకని నీరు మన్నును కోసికొని నేరుగా కొలనిలోనికే దిగును. పెద్ద ఏరేదియు వచ్చి పడని ఇంత చిన్న సరస్సునకు ఆ మన్నును కడిగివేసికొను దారి లేదు. సబ్బు నురుగైనను, బిస్కట్టు పొట్లమైనను, దాని గతియు అంతే. పల్లెవారిలో పలువురకు ఈ యాత్రికులే జీవనాధారమైన మాటయు నిజమే. కావుననే సారిలో పల్లెవారి ఇండ్లలో దిగి, వారి రాగిరొట్టె తిని, వారిలో ఒకరిని తోడు తీసికొని, గడ్డిమీద నిప్పు పెట్టక రాత్రి గడుపువారి రాక ఊరికిని మేలు, కొలనికిని మేలు.

పోదలచినవారికి కాలమును గూర్చి కొంత చెప్పెదను. బురాంశ్ పూలకై పోవువారు మార్చి నడుమనుండి ఏప్రిల్ వరకు పోవలెను. అప్పుడు రాత్రులు మిక్కిలి చలిగా ఉండును, చెట్లనీడన మంచు కొంత మిగిలియుండవచ్చును. శిఖరములు స్పష్టముగా కనబడుటకు అక్టోబరు, నవంబరు మాసములు శ్రేష్ఠము. వానలు కడిగిన ఆకాశమున ధూళి ఉండదు. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు మంచు పడును. వానకాలమున జలగలు, జారుబాటలు, కొండచరియలు. ఈ కొండలు ఇంకను కుదురుకొనని కొండలు. 1998 ఆగస్టులో ఊఖీమఠము చుట్టుప్రక్కల విరిగిపడిన చరియలును, 2013 జూన్‌లో మందాకిని తెచ్చిన ప్రళయమును మరువరానివి. ఆ మాసములలో పోవద్దనియే పెద్దలు చెప్పుదురు. నేనును అదియే చెప్పుదును. ఇక ఓపిక గలవారు సరస్సునుండి దిగిరాక, రోహిణీ బుగ్యాల్ మీదుగా అడవిలోనే నడచి చోప్తాకు పోవు బాట కూడ ఉన్నది. దినమంతయు పట్టు ఆ నడకలో బాంజ్ తగ్గుట, ఖర్సూ పెరుగుట కన్నులార చూడవచ్చును. కాలిజ్ కోడి పొదలనుండి రివ్వున లేచుటయు, లంగూరులు కొమ్మనుండి కొమ్మకు దాటుటయు తరచు కనబడును. ఎలుగుబంటియు చిరుతయు ఈ అడవులలో కలవు, కావున తోడు లేక పోరాదు.

చోప్తా దిక్కునకు నడచువారు ఖర్సూ చెట్ల క్రింద ఒక్కసారి వంగి చూడవలెను. ఈ చెట్టు కాయ వానలు ముదురువేళకే పండును. తడి తగిలినంతనే, ఒక్కొక్కప్పుడు కొమ్మమీద ఉండగనే, మొలకెత్తును. ఎండబెట్టి దాచుటకు వీలులేని విత్తనమది. రాలిన కొద్దిదినములలో తడిమన్ను దొరకినచో మొక్కయగును, లేనిచో నశించును. మొలచినదానిని పశువు కొరికినను అంతే. పెద్దచెట్లు దట్టముగా ఉన్నచోటకూడ మోకాలెత్తు మొక్కలు అరుదుగా కనబడుటకు ఇదియే కారణము. మొలకలను పశువులనుండి కాచు ఏర్పాటు ఒకటి ఈ కొండలలో కలదు. 1921 ప్రాంతమున అటవీచట్టములపై కొండప్రజలు తిరుగబడిన పిమ్మట, 1931లో వన పంచాయతీలను ఏర్పరచుకొనుటకు ప్రభుత్వము నియమములు చేసినది. గ్రామస్థులే ఎన్నుకొన్న పంచులు అడవిలో ఏ భాగమున ఎన్నాళ్ళు పశువులను తోలరాదో, ఆకు కోయుటకు ఏ దినములు తెరవవలెనో, కట్టుదప్పినవానికి ఎంత జరిమానా వేయవలెనో నిర్ణయింతురు. ఊఖీమఠము చుట్టుప్రక్కల పల్లెలలో ఈ పంచాయతీల మాట నేటికిని వినబడును. సారిలో దిగినవారు కొండను చూచివచ్చిన పిమ్మట ఆ ఊరి పెద్దలను అడిగి, ఈ యేడు మూసియుంచిన అడవి ఏదో, అందు ఎన్ని మొలకలు నిలిచినవో తెలిసికొనవచ్చును. అడిగినవారికి వారు సంతోషముతో వెంటబెట్టుకొనిపోయి చూపుదురు.